పదకొండు చుట్లు, ఒక కిటికీ

హైదరాబాద్‌కి పడమటి వైపు ఒక రూట్ ఉంది. ఏ మ్యాప్‌లోనూ దానికి పేరుండదు. అమెరికాలో సీటు వచ్చినవాళ్లకి మాత్రం బాగా తెలుసు. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో వేలిముద్రలు, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, ఈ రెండింటి మధ్య వీలు చూసుకుని చిలుకూరు బాలాజీ.

మంగళవారం వేలిముద్రలు ఇచ్చేశాను. ఇంటర్వ్యూ శుక్రవారం. నల్లగొండ నుంచి నాతో వచ్చిన నాన్న, "చిలుకూరు పోయొద్దాం పా" అన్నారు. మెహిదీపట్నంలో బస్సెక్కాం.

ఉస్మాన్‌సాగర్ దగ్గర్లో చిన్న గుడి ఇది. అందరూ వీసా బాలాజీ అంటారు. కోరిక ఉన్నవాళ్లు 11 ప్రదక్షిణలు చేస్తారు. తీరాక వచ్చి 108 చేస్తారు. లెక్క తప్పకుండా అంకెలున్న కార్డు మీద పెన్నుతో టిక్ పెట్టుకుంటూ నడుస్తారు. అందుకే ఇక్కడ చేతులు చూస్తే చాలు, కథ తెలిసిపోతుంది. కార్డు ఉంటే పని అయినట్టు. ఖాళీ చేతులైతే మనలాగే.

ఈ గుడిలో హుండీ లేదు. స్పెషల్ దర్శనం టికెట్ కూడా లేదు. పరీక్షకి ఫీజు, అప్లికేషన్‌కి ఫీజు, సెవిస్‌కి 350 డాలర్లు, వీసాకి 185 డాలర్లు... ఏడాదిగా నేను కట్టని చోటంటూ లేదు. ఈ మొత్తం ప్రయాణంలో నన్ను పైసా అడగని చోటు ఇదొక్కటే.

కిటికీ దగ్గర మనకి దొరికేది రెండు మూడు నిమిషాలు. 214(బి) అనే సెక్షన్ సంగతి మీరు వినే ఉంటారు. చదువయ్యాక తిరిగొస్తామని అధికారిని నమ్మించాల్సింది మనమే. ఐ-20, బ్యాంక్ పేపర్లు, మార్కుల మెమోలు అన్నీ ఫైల్లో ఉన్నాయి. తిరిగొస్తాననే మాటకి మాత్రం జిరాక్స్ ఉండదు కదా!

తొమ్మిదో చుట్టులో ఉండబట్టలేక అడిగేశాను. "నాన్నా, రాకపోతే?"

ఎడ్యుకేషన్ లోన్‌కి మా ఇల్లే పూచీ. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

"రాకుంటే ఏందిరా? బ్యాంకోళ్లు పైసలింకా ఇయ్యలే. ఇల్లు ఏడికీ పోదు. నువ్వు లెక్క తప్పకు, ఇది తొమ్మిది" అన్నారు.

అప్పుడు అర్థమైంది. నేను మొక్కుకుంటూ నడుస్తుంటే, ఆయన నష్టం ఎంతో ముందే లెక్కేసుకుని నడుస్తున్నారు. మిగతా రెండు చుట్లూ కాస్త తేలిగ్గా తిరిగాను.

మీరూ వెళ్లాలనుకుంటే శుక్ర, శని, ఆదివారాలు వద్దు, జనం ఎక్కువ. ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లండి, కాళ్లు కాలతాయి. ఇంట్లో అడగలేని ప్రశ్న ఏదైనా ఉంటే, అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. పక్కపక్కన నడుస్తుంటే ముఖాలు చూసుకోనక్కర్లేదు, మాట తేలిగ్గా వస్తుంది.

శుక్రవారం కాన్సులేట్ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. నాది కూడా నాన్న జేబులోనే ఉంటుంది. అమ్మ ఫోన్ చేస్తూనే ఉంటుంది. నేను బయటికొచ్చేదాకా జవాబు చెప్పాల్సింది ఆయనే.