కళింగ పేరున్న నత్త, రాయని మన పేర్లు



మేము హాలియాలో హాస్టల్‌ల ఉండి చదువుకునేటోళ్ళం. ఇక్కడికి సముద్రం చాలా దూరం. అయినా ఈ పోస్టు ఒక సముద్రపు నత్త గురించే, ఎందుకంటే దాని పేరుతోని మనకు పని ఉంది.

దాన్ని కళింగ ఆర్నేటా అంటరు. పెద్దయినంక గుల్ల ఉండదు. తెల్లటి ఒంటి మీద ఎర్రటి బుడిపెలు. మొప్పలు లోపల గాకుండా వీపు మీదనే పువ్వు లెక్క విచ్చుకొని ఉంటయి. తల మీది రెండు కొమ్ములతో వాసన పసిగడ్తది. చూస్తే ఇంత మెత్తగ ఉంటది గానీ, తినేది మాత్రం బ్రిటిల్ స్టార్ అనే గట్టి చేతుల నక్షత్ర జీవిని.

1864లో జాషువా ఆల్డర్, అల్బనీ హాన్‌కాక్ అనే ఇద్దరు ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు దీనికి ఆ పేరు పెట్టిండ్రు. వాళ్ళకు ఆధారం విశాఖపట్నం దగ్గరి వాల్తేరుల ఉండి పనిచేసిన వాల్టర్ ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి సేకరణ. కళింగ అంటే ఆ తీరం పాత పేరు. ఆర్నేటా అంటే లాటిన్ల అలంకరించినది. ఇదే నత్త జపాన్‌ల, ఆస్ట్రేలియాల దొరికినా అక్కడోళ్ళు కూడా కళింగ అనే రాయాలె. ఒక్కసారి పద్ధతిగ రాస్తే పేరు అంత దూరం పోతది.

కానీ ఆ వ్యాసం శీర్షికల ఉన్నది ఎలియట్ పేరే. నీళ్ళల్ల దిగి దాన్ని ఒడ్డుకు తెచ్చినోళ్ళు దాన్ని ఏమని పిలిచిండ్రో ఆ శాస్త్రీయ పేరులో లేదు. అదే ఎలియట్ 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అని మొక్కల తెలుగు పేర్లతో పుస్తకం వేసిండు. అంటే రాయాలనుకుంటే జనం పేరు కూడా పుస్తకానికి ఎక్కుతది.

మరి గోర్ బోలి పేర్లు, కోయ, గోండి పేర్లు ఎవరు రాయాలె? తండాల చెట్టును చూసి గుర్తుపట్టే పిల్లలు మస్తుమంది ఉన్నరు. దాని గోర్ బోలి పేరు అడిగితే మాత్రం అవ్వ దిక్కు చూస్తరు. ఆ అవ్వ పోతే పేరూ పోతది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం పది రాద్దాం. ఫోటో, తండా పేరు, తారీఖు, పెద్దలు చెప్పిన పేరు, దాన్ని ఎందుకు వాడతరో. తెలుగు లిపిల రాసినా చాలు. మందు మొక్కల గుట్టు బయట పెట్టొద్దని పెద్దలంటే అది రాయొద్దు. మన దాన్ని మనమే రాసుకున్నప్పుడు, ఏది చెప్పాలె, ఏది చెప్పొద్దు అన్నది కూడా మన చేతుల్లనే ఉంటది.

మీ తండాల, గూడెంల నత్తను ఏమంటరో కింద రాయండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.