నాలుగు శ్వాసల దూరం

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. మా నిద్ర మాత్రం మూడేండ్లుగా విశ్రాంతిని కూడ ఎరుగలేదు. నిరుడు పరీక్షల పర్యవేక్షణలో మేము కుర్చీలోనే కునుకు తీయగా, వెనుక వరుసలో పుట్టిన నవ్వు మమ్మల్ని మేల్కొల్పిన సంగతి విద్యార్థి మిత్రులు మరచి ఉండరు. సెలవులకు నల్లగొండ నుండి దేవరకొండ, కల్వకుర్తి మీదుగా మహబూబ్‌నగర్‌లోని ఇంటికి పోయేటప్పుడు బస్సులో దారి పొడుగునా నిద్రే; దిగిన తరువాత మళ్ళీ అలసటే.

ఇంట్లో మా గురక పరిహాసానికి వస్తువు. రంజాన్ నెలలో ఒకనాడు సహరీకి లేపవచ్చిన మా తల్లిగారు నవ్వలేదు. గురక హఠాత్తుగా ఆగింది. దానితో ఊపిరీ ఆగింది. కొన్ని క్షణాలకు ఉలిక్కిపడి మళ్ళీ మొదలైంది.

దీనిని వైద్యులు స్లీప్ అప్నియా అన్నారు. నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. మెడచుట్టు కొవ్వు చేరినవారిలో గాలిదారి మూసుకొనిపోతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు మనిషిని క్షణకాలం మేల్కొలుపుతుంది. ఉదయానికి అతనికి అది జ్ఞాపకముండదు. బడలిక మాత్రం మిగులుతుంది.

మా ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 105 కిలోలు, బి.ఎం.ఐ. 36. బరువు తగ్గించే శస్త్రచికిత్స ప్రస్తావన వచ్చింది. ఆ ఖర్చు మా జీతానికి అందనిది. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఏర్పరచిన నిబంధన ప్రకారం బి.ఎం.ఐ. 40 అయినా ఉండాలి. లేదా 35 ఉండి, గుండెజబ్బు, అదుపునకు రాని మధుమేహం, తీవ్రమైన స్లీప్ అప్నియా వంటివాటిలో ఒకటి తోడై, ఇతర ప్రయత్నాలు విఫలమై ఉండాలి. పథ్యమూ నడకా మమ్మల్ని ఓడించినవే. మిగిలిన జబ్బులు మాకు లేవు. కనుక నిద్ర పరీక్షయే ఆధారమైంది.

హైదరాబాదులో ఒక రాత్రి తలకు తీగలు, ఛాతీకీ పొట్టకూ పట్టీలు, ముక్కు వద్ద గొట్టం, వేలికి క్లిప్పు తగిలించుకొని పడుకున్నాము. ఇషా నమాజు ముగించి మేము చేసిన దువా చెప్పుకోవడానికి నేటికీ సిగ్గే. ఆరోగ్యమిమ్మని కాదు, లెక్క ఎక్కువగా రానిమ్మని వేడుకున్నాము!

ఫలితం వచ్చింది. గంటకు 26 సార్లు శ్వాసకు అడ్డంకి. ముప్పైకి చేరితే తీవ్రం, మాది మధ్యస్థం. నాలుగు శ్వాసలు తక్కువైనందున దరఖాస్తు తిరిగివచ్చింది. "మరో పదకొండు కిలోలు పెరగండి సార్, 40 దాటుతారు" అని సహాధ్యాపకులొకరు హాస్యమాడినారు. నవ్వి ఊరుకున్నామే గాని, ఆ రాత్రి కాగితంపై ఆ లెక్క నిజంగానే వేసి చూచాము. కూలి కోసం పాలమూరు పల్లెలు వలసపోయిన కరువులను ఎరిగిన తల్లి ఇంట కూర్చొని, జబ్బు చాలలేదని దుఃఖిస్తున్నామన్న ఎరుక అప్పుడు కలిగింది. కాగితం చింపివేశాము.

"బీమా గీత వేరు, వైద్యపు గీత వేరు. జబ్బు తోడైన భారతీయులకు 32.5 దాటితేనే శస్త్రచికిత్స ఆలోచించవచ్చునని మన నిపుణులు 2009లోనే సూచించారు. మధ్యస్థమంటే స్వల్పమని కాదు" అన్నారు వైద్యులు. శస్త్రచికిత్స సంగతి తరువాత చూతమని, ముందు ఊపిరి నిలుపుకొమ్మని సీప్యాప్ యంత్రం వ్రాసి ఇచ్చారు. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివాన్ లోకానికి తెలిపిన సాధనమిది. ముక్కుకు తొడిగిన మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకొనిపోకుండ కాపాడుతుంది. బరువును ఇది తగ్గించదు. ఆ పని మాకు మిగిలే ఉంది.

మిత్రులారా, మీ ఇంట గురకపెట్టి పగలంతా తూగేవారుంటే నవ్వకండి. వైద్యుని వద్దకు తీసికొనిపొండి. వారు వాహనం నడిపేవారైతే మరీ ఆలస్యం చేయకండి.

యంత్రం తెచ్చిన మొదటి రాత్రి నడిజామున మెలకువ వచ్చి చూస్తే, మా తల్లిగారు పక్కనే నిలబడి మా ఛాతీపై చేయి ఉంచి ఉన్నారు. ఏమైందని అడిగాము.

"గురక వినబడలేదు బిడ్డా, భయమైంది" అన్నారు.

ఆనాడు ఫజర్‌కు మమ్మల్ని ఎవరూ లేపలేదు, మేమే లేచాము.