నిప్పురవ్వ

చెడిపోయిన వస్తువు విషయంలో మనకు రెండు మార్గాలున్నవి. దానిని పారవేసి కొత్తది తెచ్చుకొనడం ఒకటి. అది ఎక్కడ చెడినదో తెలుసుకొనడం రెండవది. మొదటిదానికి డబ్బు చాలు. రెండవదానికి ఓర్పు కావాలి. ఈ భేదాన్ని నేను పుస్తకాలలో చదివి తెలుసుకొనలేదు. జంషెడ్‌పూరులో, మా నాన్నగారి పాత స్కూటరు ముందు మూడు దినాలు కూర్చొని నేర్చుకొన్నాను.

నాన్నగారు 1962లో, ఇరువది ఏండ్ల వయస్సున, శ్రీకాకుళం ప్రాంతం నుండి ఆ ఊరికి వెళ్ళినారు. 1912లో మొదటి ఉక్కుదిమ్మ పోసిన నాటి నుండి అక్కడి కర్మాగారం దేశం నలుమూలల నుండి పనివారిని రప్పించుకొన్నది. వారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. బిష్టుపూరులో వారు కట్టుకొన్న రామమందిరం నేటికీ నిలిచి ఉన్నది. నాన్నగారు విద్యుత్ యంత్రాల మరమ్మతు విభాగంలో నలుబది ఏండ్లు పనిచేసి 2002లో విరమించినారు. 2016 శ్రావణంలో నేను హైదరాబాదు నుండి వెళ్ళినది ఆ ఇల్లు ఖాళీ చేసి ఆయనను నా వెంట తీసుకొని రావడానికే. అమ్మ అంతకు ముందే పోయినది. ఆయనకు చూపు దాదాపుగా లేదు. ముందుగా వదిలించుకొనవలసినది వాకిట ఉన్న స్కూటరు. పాత ఇనుము కొనేవాడు ఆదివారం వస్తానన్నాడు.

"ఏం చెడిందో తెలియకుండానే తూకానికి వేస్తావట్రా?" అన్నారు నాన్నగారు.

ఆ మాట నాకు గుచ్చుకొన్నది. గురువారం ఉదయం పనిముట్ల పెట్టె ముందు వేసుకొని కూర్చొన్నాను. ఆయన అరుగు మీద కుర్చీ వేయించుకొన్నారు. ప్లగ్గు ఊడదీసి చూడగా పెట్రోలుతో తడిసి ఉన్నది. అనగా ఇంధనం అందుతున్నది, నిప్పు పుట్టడం లేదు. ప్లగ్గును తొడుగులో ఉంచి, ఇంజను లోహానికి ఆనించి, కిక్కు కొట్టినాను. రవ్వ లేదు. కొత్త ప్లగ్గు పెట్టినాను, లేదు. తొడుగు తీసివేసి, ఒట్టి తీగ కొననే లోహానికి దగ్గరగా పట్టినాను, అయినను లేదు. మరునాడు పాయింట్లను గరుకు కాగితంతో తుడిచి, వాటి ఎడం సరిచేసినాను. ఫలితం లేదు. పిలిపించిన మెకానిక్కు ఒక్క చూపు చూసి, కాయిలు మొదలుకొని సమస్తం మార్చవలసిందే అన్నాడు. స్కూటరు ధర కంటె ఆ ఖర్చే ఎక్కువ. నేను పెట్టె మూసివేసినాను.

శనివారం ఉదయం నాన్నగారు మళ్ళీ ఆ ప్రస్తావన తెచ్చినారు. "ఒరే అబ్బాయీ, రవ్వ పుట్టించే వాటినన్నిటినీ చూశావు. రవ్వను ఆర్పేదాన్ని చూశావా?"

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపికగా చెప్పినారు. మాగ్నెటో స్కూటరుకు రవ్వ కోసం బ్యాటరీ అక్కరలేదు. అయస్కాంతాలు గల చక్రం తిరుగుతుంటే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే అది. సరియైన క్షణాన పాయింట్లు విడిపోయి ఆ ప్రవాహం తెగుతుంది. తెగినప్పుడు రెండవ చుట్టలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు కొనల మధ్య నిప్పుగా దూకుతుంది. పాయింట్ల దగ్గరనే నిప్పు వృథా కాకుండ కండెన్సరు కాస్తుంది. ఇక తాళంచెవి చేసే పని మనం అనుకొనేదానికి విరుద్ధం. అది ఇంజనుకు విద్యుత్తును పంపదు. ఇంజనును ఆపదలచినప్పుడు ఆ విద్యుత్తును బండి లోహంలోకి మళ్ళిస్తుంది. అందుకు ఒక సన్నని తీగ ఉన్నది. ఆ తీగ తొడుగు ఎక్కడ అరిగి లోహానికి తగిలినా, తాళం తెరచి ఉన్నా సరే, ఇంజను తాను ఆపబడినట్లే ఉండిపోతుంది.

"ముందు దాన్ని విడదీసి చూడు," అన్నారు.

విడదీసి కిక్కు కొట్టినాను. వాకిట ఎండ కాస్తున్నది, నాకేమీ కనబడలేదు. "వచ్చింది" అన్నారు నాన్నగారు. ఇంకొకసారి కొట్టి, చేయి అడ్డుపెట్టి చూసినాను. ప్లగ్గు కొనల మధ్య నీలిరవ్వ, దానితోపాటు చిన్న టిక్కుమను చప్పుడు. కళ్ళున్న నేను చూడలేని దానిని ఆయన విన్నారు.

హ్యాండిలు మెడ వద్ద, ఏండ్ల తరబడి అటునిటు తిరిగిన చోట, తీగ తొడుగు అరిగిపోయి రాగి బయటపడినది. జానెడు కొత్త తీగ అతికి, దానిపై గొట్టం తొడిగినాను. అయిన ఖర్చు రెండు కప్పుల టీ ఖరీదు కూడ కాదు. ఇంజను పలికినప్పుడు నాన్నగారు ఏమీ అనలేదు. లేచి వచ్చి, సీటు మీద చేయి ఉంచి, కొంతసేపు అట్లే నిలబడినారు.

ఇనుము కొనేవాడిని రావద్దని చెప్పినాను. బండిని పక్కింటి కుర్రవాడికి ఇచ్చినాము. తాళంచెవి అతని చేతిలో పెడుతూ నాన్నగారు చెప్పినది ఒక్కటే: "ఆగిపోతే, ముందు ఆపే తీగని చూడు, బాబూ."

సోమవారం మేమిద్దరం టాటానగరు స్టేషనులో రైలెక్కినాము. ఆయన వయస్సును, చూపును లెక్కవేసి, ఇక ఆయన వల్ల కాని పనుల జాబితా ఒకటి నేను మనస్సులో సిద్ధం చేసుకొని వచ్చినాను. సువర్ణరేఖ దాటక ముందే దానిలో కొన్నింటిని కొట్టివేసినాను.