మోడు కింద అడవి

తొలకరి పడి వారం దాటింది. మా చేని నడుమ ఉన్న తుమ్మ మోడు మళ్లీ పిలకలేసింది. నేలకు జానెడెత్తున, ఏళ్ల తరబడి కత్తిదెబ్బలు తిని నల్లబడిన మొద్దు అది. బెరడు చుట్టూ పదిహేను దాకా పిలకలు లెక్కపెట్టాను. ముళ్లు ఇంకా ముదరలేదు, వేలితో తడిమితే మెత్తగా వంగుతున్నాయి. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఈ మోడు ఇక్కడే ఉంది. ఏటా వానకు చిగురిస్తుంది. ఏటా దుక్కికి ముందు మా నాయన మచ్చుకత్తి పట్టుకొచ్చి మొదలంటా నరికేసేవాడు.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "ఎందుకు నాయనా, ఉండనీకూడదా?" అని.

"ఉండనిస్తే గుంటక తిరిగేదెట్లరా?" అన్నాడు.

ఆ జవాబు నాకు చాలా ఏళ్లు సరిపోయింది. నైజర్ దేశం సంగతి చదివాకే దాని మీద అనుమానం మొదలైంది.

సహారా ఎడారికి దిగువన, పశ్చిమాఫ్రికాలో ఉంటుంది నైజర్. దాని దక్షిణాన మరాది అనే ప్రాంతం. 1980ల మొదట్లో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా యువకుడు అక్కడ మొక్కలు నాటించే పనిలో ఉండేవాడు. నర్సరీలో మొక్కలు పెంచడం, ఊళ్లకు మోయడం, నాటడం. ఎండకు కొన్ని, ఇసుక గాలికి కొన్ని, మేకల నోటికి కొన్ని పోగా బతికి బట్టకట్టేవి కొద్దిగానే. 1983లో ఒకనాడు మొక్కలేసుకుని వెళ్తూ, ఇసుకలో బండి కూరుకుపోకుండా చక్రాల్లో గాలి తగ్గించడానికి కిందికి దిగాడు. ఎటు చూసినా బయలే. దారి పక్కన ఒక పొద కనబడింది, రోజూ కనబడే పొదే. దగ్గరికి పోయి ఆకు పట్టి చూశాడు. అది పొద కాదు. నరికేసిన చెట్టు మొదట్లోంచి లేచిన పిలకలు.

నేనిక్కడ చదవడం ఆపి చాలాసేపు కూర్చుండిపోయాను. మా తుమ్మ మోడే నా కళ్ల ముందుంది.

ఆ బయలంతా అలాంటి మోడులే. పైన చెట్టు పోయినా కింద వేళ్లు బతికే ఉన్నాయి. రినాడో దాన్ని భూమి కింది అడవి అన్నాడు. ఆ తర్వాత చేసిన పని చెబితే ఇంతేనా అనిపిస్తుంది. మోడుకు నాలుగైదు గట్టి పిలకలు ఉంచి మిగతావి కోసెయ్యడం, ఉంచిన వాటికి కింది కొమ్మలు కత్తిరించి నిటారుగా పోనివ్వడం. నారు పెంచక్కర్లేదు, నీళ్లు మొయ్యక్కర్లేదు. పాత వేరు లోతున తడి పట్టుకుని ఉంటుంది గనుక పిలక ఒక్క ఏడాదిలోనే మనిషెత్తు దాటిపోతుంది.

పని తేలికే కానీ ఒప్పించడం తేలిక కాలేదు. చేను చెట్టూ చేమా లేకుండా శుభ్రంగా ఉంటేనే మంచి రైతు అని అక్కడా అనుకునేవాళ్లు, మా నాయనలాగే. 1984లో కరవొచ్చింది. పనికి తిండిగింజలిచ్చి పిలకలు కాపాడించారు. కరవు తీరాక చాలామంది మళ్లీ నరికేశారు కూడా. మిగిల్చుకున్న కొద్దిమంది చేలలో ఇసుక గాలి జోరు తగ్గింది. అంతకుముందు మొలకలు ఇసుకలో పూడిపోయి మూడు నాలుగుసార్లు విత్తాల్సొచ్చేది. చెట్లున్న చేలో ఒక్క విత్తుకే పంట నిలబడింది. పక్క చేనివాడు అది చూశాడు. అంతకంటే పెద్ద ప్రచారం రైతుకు ఇంకేముంటుంది? ఇరవై ఏళ్లు తిరిగేసరికి, ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసిన శాస్త్రవేత్తలు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయని తేల్చారు. మన లెక్కలో 1.2 కోట్ల ఎకరాల పైమాటే. చెట్లు దాదాపు 20 కోట్లు. అందులో ఎక్కువ భాగం ఎవరూ నాటినవి కావు.

ఆ చేలలో పండేది సజ్జ, జొన్న. సజ్జకు పుట్టిల్లు సహారాకు దిగువనున్న ఆ సహేల్ నేలే. వేల ఏళ్ల కిందట అక్కడి నుంచి మన మెట్టలకు వచ్చి, మన రొట్టెలోకీ సంకటిలోకీ చేరిపోయింది. ఆ సజ్జ చేలలో గావో అని ఒక చెట్టుంటుంది, తుమ్మకు చుట్టమే. అన్ని చెట్లూ వానకు చిగురిస్తే అది వానకాలంలో ఆకు రాలుస్తుంది. సజ్జ ఎదిగే రోజుల్లో నీడ పడదు, రాలిన ఆకు నేలకు బలమవుతుంది. ఎండాకాలం పైరు లేనప్పుడు పచ్చగా నిలబడి పశువులకు నీడా, కాయల మేతా ఇస్తుంది. మా పక్క చేలలో అలాంటి చెట్టు లేదు. వేప కింద శెనక్కాయ పీలగా వస్తుందని మా నాయన అనేవాడు; అది నిజమే, కొట్టిపారేసే మాట కాదు. కింది కొమ్మలు కోసి గుబురు పైకి పోనిస్తే ఆ నష్టం తగ్గుతుందని, కోసిన కొమ్మ కంచెకో పొయ్యికో పనికొస్తుందని మాకు చేసి చూపించినవాళ్లు లేకపోయారు.

అయితే పిలకలు నరకడానికి గుంటక ఒక్కటే కారణం కాదని నాకు పెద్దయ్యాక తెలిసింది. నైజర్‌లో ఫ్రెంచివాళ్ల కాలం నుంచి వచ్చిన చట్టాల ప్రకారం అప్పట్లో చెట్టు ప్రభుత్వానిదిగా ఉండేది. చేను రైతుదే, దున్నేదీ విత్తేదీ రైతే, ఆ చేలో లేచిన చెట్టు మాత్రం అతనిది కాదు. కొమ్మ కొడితే జరిమానా పడేది. అలాంటప్పుడు పిలకను పిలకగా ఉండగానే తీసేయడం తెలివైన పని. 1980ల నడుమ నుంచి ఆ పట్టు సడలింది. అటవీ సిబ్బంది చూసీ చూడనట్టు ఊరుకోవడం, పెంచినవాడే కోసుకోవచ్చన్న నమ్మకం ఊళ్లలో పాకడం జరిగాక చెట్లు లేచాయి. 20 కోట్ల చెట్ల వెనక నాకు కత్తిరింపు పద్ధతి కన్నా ఈ నమ్మకమే ఎక్కువ కనబడుతుంది.

మా గట్టు మీద ఒక పెద్ద వేప ఉండేది. ఇంటి కప్పు దిగబడిన ఏడు దాన్ని కొట్టి దూలాలు చేయించాలనుకున్నాడు నాయన. అనుమతి కాగితం కావాలన్నారు. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మూడు నెలలు తిరిగాడు. చెట్లు కాపాడాలనే ఆ నిబంధన పెట్టారు, దాని ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ మూడు నెలల తర్వాత నాయన ఏ మొక్కనూ చెట్టు కానివ్వలేదు. "పెంచినాక తిరిగేదానికన్నా పెరక్క ముందే కొట్టేది మేలు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు, అలసట ఉంది.

పోయినేడు చలికాలంలో చెన్నేకొత్తపల్లి వైపు కల్పవల్లికి వెళ్లాను. బాబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం 1990లో మొదలుపెట్టిన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ అండతో, ముష్టికోవెలా ఆ చుట్టుపక్కల ఊళ్లూ కలిసి మూడు దశాబ్దాలుగా కాస్తున్న గుట్టలవి. ఏడు వేల ఎకరాలకు పైగా. అక్కడక్కడా విత్తనాలు చల్లారు, మొక్కలూ నాటారు. కానీ చాలా వరకు అది కాపలా చేసిన పని: ఎండాకాలం నిప్పు పాకకుండా గడ్డి చెక్కి దారులు తియ్యడం, మనుషులను కావలి పెట్టుకోవడం, గొడ్డలిని దూరంగా ఉంచడం. బోద గడ్డి నా నడుమెత్తు ఉంది. చేత్తో పాయ తీస్తే మొదట్లో నేల చల్లగా, నల్లగా తగిలింది. అనంతపురం ఎర్రనేల చూసి పెరిగినవాణ్ణి, ఆ నలుపు నమ్మడానికి ఒక పిడికెడు తీసి వాసన చూశాను. వంక పొడుగునా ఈత చెట్లు. ఆ ఈతాకుతో ఇంటికి చీపురొస్తుంది, గుట్టల మీది గడ్డితో గొర్రెలకు మేతొస్తుంది.

అదే గుట్టల తలల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. వాటి కోసం తొలిచిన వెడల్పాటి దారుల్లో వానకు మన్ను కోసుకుపోయి వంకలో పడుతోంది. గాలి కరెంటు మంచిదే. కానీ ఊళ్లు ఇన్నేళ్లు కాచిన నేల రెవెన్యూ పుస్తకంలో ఇంకా బంజరే; బంజరును ఎవరికైనా ఇవ్వొచ్చు. 2006 అటవీ హక్కుల చట్టంలో ఊరి ఉమ్మడి అడవి మీద హక్కు రాసిచ్చే వీలుంది. మనం పోడు పట్టాల గురించి మాట్లాడుకున్నంతగా దాని గురించి మాట్లాడుకోం. ఇక ఈ గుట్టల్లాంటి రెవెన్యూ నేలలకు ఆ మాత్రం దారీ లేదు. కావలి కాసినవాళ్ల పేరు రాయడానికి ఆ పుస్తకంలో ఒక గడి కూడా లేకపోవడం నాకు బాధగా ఉంది.

ఈ ఏడు మా నాయన లేడు. మచ్చుకత్తి నేనే తీసుకొచ్చాను. మోడు ముందు కూర్చుని పదిహేనులో పది పిలకలు కోసేశాను. మిగిలిన ఐదింటి చుట్టూ కర్ర పాతి అమ్మ పాత చీర అంచు చించి ఎర్రగా కట్టాను, డ్రైవరుకు దూరం నుంచే కనబడాలని.

సాయంత్రం ట్రాక్టరొచ్చింది. పిల్లవాడు గుడ్డ దగ్గరికి రాగానే ఆపి, "ఏముందన్నా ఇక్కడ?" అని అరిచాడు. చేయెత్తి పక్కనుంచి పొమ్మని చూపించాను. గుంటక పైకెత్తాడు, మోడు దాటాక దించాడు. వెనక ఒక మంచమంత నేల దున్నకుండా మిగిలింది.