వెనక సీటు సంగతి ముందు

రండి, కూర్చోండి. బయట మంచు పడుతోంది. బండి గరాజులో ముసుగేసుకుని పడుకుంది, వసంతం దాకా లేవదు. మా మినెసోటాలో బళ్ళ గురించి తీరుబడిగా మాట్లాడుకోవడానికి చలికాలమే మంచిది. ఎండాకాలం వస్తే నడపడమే సరిపోతుంది.

ఏటీవీ అంటే మీకు తెలిసే ఉంటుంది. నాలుగు బొద్దు టైర్లు, మోటార్ సైకిలు హ్యాండిలు, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునే సీటు. గోవాలోనో, మనాలీ దగ్గర సోలాంగ్ లోయలోనో, హైదరాబాదు శివారు రిసార్టులోనో డబ్బులు కట్టి నాలుగు చుట్లు తిప్పే ఉంటారు. అక్కడ బండి తాలూకు కుర్రాడు మీ వెనకాల ఎక్కి "సార్, స్లో... సార్, స్లో" అంటుంటాడు చూశారూ, అతను కూర్చునే ఆ చోటు గురించే ఇవాళ్టి కబుర్లు. ఎందుకంటే చాలా బళ్ళలో అది మనిషి కూర్చునే చోటు కానే కాదు.

మరి సీటు అంత పొడుగ్గా ఎందుకు పెట్టారంటారా? అందరూ అడిగే ప్రశ్నే. ఆ పొడుగు రెండో మనిషి కోసం కాదు, నడిపేవాడు ముందుకీ వెనక్కీ జరగడం కోసం. మోటార్ సైకిలు మలుపులో తనే ఒరుగుతుంది. ఇది ఒరగదు, నాలుగు కాళ్ళూ నేలకి ఆనించి మొండికేస్తుంది. ఒరగాల్సింది మనమే. గట్టెక్కేటప్పుడు ముందుకి వంగాలి, దిగేటప్పుడు వెనక్కి జరగాలి, మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపుకి ఒంగాలి, వాలుకి అడ్డంగా పోతుంటే ఒళ్ళంతా ఎగువకి వెయ్యాలి. ఒక్కరి కోసం చేసిన బండి మీద వెనకాల ఇంకొకరు అతుక్కుని కూర్చుంటే వీటిలో ఒక్కటీ సవ్యంగా సాగదు. పైగా ఆ రెండో బరువంతా వెనక ఇరుసు మీద పడుతుంది. చదునులో ఏమీ తెలియదు. ఎత్తు ఎక్కుతుంటే ముందు చక్రాలు తేలిపోతాయి, బండి వెనక్కి తిరగబడుతుంది.

మనం స్కూటరు మీద సంసారాలు మోసిన జాతి కదా! ముందు నిలబడ్డ పిల్లాడు, వెనక ఒక పక్కకి కూర్చున్న ఇల్లాలు, ఆవిడ ఒళ్ళో చంటిది, హ్యాండిలుకి కూరల సంచి. అందుకని బండి మీద ఇద్దరు ఎక్కడం మనకి లెక్కలోకి రాదు. ఆ ధీమా ఇక్కడ పనికిరాదు.

ఈ బళ్ళ పుట్టుక సంగతి కాస్త చెప్పనివ్వండి, సరదాగా ఉంటుంది. 1970లో హోండా వాళ్ళు మూడు చక్రాలతో, బెలూన్ల లాంటి టైర్లతో ఒకటి వదిలారు. 1971లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'డైమండ్స్ ఆర్ ఫరెవర్'లో షాన్ కానరీ దాని మీదే పారిపోతాడు. చూడ్డానికి ఆటబొమ్మలా ఉండేది, తిరగబడడంలో మాత్రం ఆట కాదు. 1983 మోడలుగా సుజుకి వాళ్ళు నాలుగో చక్రం తెచ్చారు. మూడు చక్రాల వాటితో దెబ్బలు, చావులు పెరిగి గొడవ కోర్టు దాకా వెళ్ళింది. 1988లో కంపెనీలు అమెరికా ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చి కొత్తగా మూడు చక్రాల బళ్ళు అమ్మడం మానేశాయి. అన్నాళ్ళూ బండి మీద అంటించిన చీటీ మాత్రం ఒకటే: ఒక్కరే ఎక్కాలి. జనమేమో ఇద్దరేసి ఎక్కుతూనే ఉన్నారు. భార్యని ఇంట్లో వదిలి అడవిలో తిరిగొస్తానంటే ఏ ఇంట్లో ఒప్పుకుంటారు చెప్పండి?

దానికి తగ్గ మందు 2000 దశకం మొదట్లో కెనడా నుంచి వచ్చింది. స్కీ-డూ మంచుబళ్ళతో పేరు తెచ్చుకున్న బొంబార్డియర్ వాళ్ళు ట్రాక్స్‌టర్ మ్యాక్స్ అని, ఆ తరవాత అవుట్‌లాండర్ మ్యాక్స్ అని ఇద్దరి కోసమే చేసిన బళ్ళు తెచ్చారు. అవుట్‌లాండర్ మ్యాక్స్‌ని ఇప్పుడు క్యాన్-యామ్ పేరుతో అమ్ముతున్నారు. తరవాత ఆర్కిటిక్ క్యాట్, పొలారిస్ అందుకున్నాయి. ఈ రెండూ మా మినెసోటావే. పొలారిస్ 1954లో కెనడా సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉన్న రోజో అనే చిన్న ఊళ్ళో పుట్టింది. దాన్ని పెట్టినవాళ్ళలో ఒకాయన, ఎడ్గర్ హెటీన్, అక్కడ పొసగక బయటికొచ్చి పెట్టిన కంపెనీయే ఆర్కిటిక్ క్యాట్ అయింది. దాయాదుల పోరు మనకొక్కళ్ళకే సొంతం కాదు సుమండీ.

ఇప్పుడు అమెరికా ప్రమాణాల్లో ఏటీవీలకి రెండు వర్గాలున్నాయి. టైప్ 1 ఒక్కరికి, టైప్ 2 నడిపేవాళ్ళకీ వెనక ఒకరికీ. తేడా మెత్త తొడిగిన వెనక సీటులో లేదు, చక్రాల మధ్య దూరంలో ఉంది. మొన్నమొన్నటి దాకా వచ్చిన అవుట్‌లాండర్లనే తీసుకోండి: ఒక్కరి బండికి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 51 అంగుళాలు, మ్యాక్స్‌కి 59. ఆ ఎనిమిది అంగుళాల కోసమే మనం అదనంగా డబ్బు కట్టేది. వెనకవాళ్ళ బరువు ఇరుసుకి అవతల వేలాడకుండా ఇవతల పడుతుంది, ముందు చక్రాలు నేలని వదలవు. సామాన్లు పెట్టుకునే ర్యాకు మీద బిగించే సీట్లు బజారులో దొరుకుతాయి. చవకే. వాటితో బండి ఒక్క అంగుళం కూడా పొడుగవ్వదు కాబట్టి వాటి జోలికి పోవద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

ఇక కొనడం. షాపులోకి ఆలుమగలు వెళ్తే అమ్మేవాడి చూపంతా మగవాడి మీదే. 570 సీసీ, 650, 850, వెయ్యి అంటూ వరస పెడతాడు. ఆవిడేమో పక్కన హెల్మెట్ల రంగులు చూసుకుంటూ నిలబడుతుంది. నేననేదేమిటంటే, వెనక కూర్చోబోయే మనిషే బండిని ఎంచాలి. నడిపేవాడికి ఏ బండైనా బాగానే ఉంటుంది, అతని చేతికి హ్యాండిలుంది, కళ్ళకి దారి కనిపిస్తోంది, వచ్చే గొయ్యి ముందే తెలుసు. వెనకవాళ్ళకి గొయ్యి తెలిసేది నడుముకి తగిలాకే.

మా ఆవిడని మొదటి బండి మీద కూర్చోబెట్టగానే "ఏమండీ, మీ వీపు తప్ప నాకేం కనబడట్లేదు. దీనికోసమా ఇంత ఖర్చు?" అంది. అమ్మేవాడికి తెలుగు రాదు గానీ ఆ గొంతు అర్థమైంది, చప్పున ఇంకో బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. అందులో వెనక సీటు మెట్టు ఎత్తుగా ఉంది, నా భుజం పైనుంచి దారి కనబడుతుంది. కాళ్ళు పెట్టుకునే పలకలు ఆవిడకి అందుతున్నాయా, మోకాళ్ళు మరీ పైకి లేస్తున్నాయా, చేతిపట్టులు తుంటి పక్కన అందుబాటులో ఉన్నాయా, వీపుకి ఆసరా ఉందా అన్నీ ఆవిడే చూసుకుంది. కాసేపు ఊరికే కూర్చుంది కూడా. షాపులో తిన్నగా పావుగంట కూర్చోలేని సీటు మీద అడవిలో పూట గడపలేరు మరి. నేను చూసిందల్లా వెనక రెండు చక్రాలకీ విడివిడిగా సస్పెన్షన్ ఉందా అని. ఒకే ఇరుసు బిగించిన బండైతే ఒక చక్రం రాయెక్కినా ఇద్దరి నడుములూ కదిలిపోతాయి. పవర్ స్టీరింగు కూడా ఉండాలంటాను. ఖాళీ బండే దాదాపు మూడున్నర వందల కిలోలు, ఇద్దరెక్కాక రాళ్ళలో హ్యాండిలు తిప్పుతుంటే చేతులు లాగేస్తాయి. సీసీల మాటకొస్తే ఇద్దరు మామూలు మనుషులకి 570 ప్రాంతం చాలు. వెయ్యి సీసీ కావాలనేది అడవికి కాదు, పక్కింటివాడికి చూపించడానికి.

ధర అడుగుతారని తెలుసు. అట్టముక్క మీద రాసిన అంకె నమ్మకండి. రవాణా, బిగింపు, కాగితాల ఖర్చు, పన్ను అని ఒక్కొక్కటీ తరవాత కలుస్తాయి. "అన్నీ కలిపి గేటు దాటేటప్పటికి ఎంత?" అని ముందే ఒక్క మాట అడిగి, ఆ అంకె కాగితం మీద రాయించుకుని బేరం అక్కణ్ణుంచి మొదలెట్టండి. సెకండ్ హ్యాండు అయితే పైన మెరుగు చూసి మురిసిపోకుండా సీటు తీసి గాలి ఫిల్టరు డబ్బా తెరవండి. లోపల బురద ఆనవాళ్ళుంటే ఆ బండి ఎక్కడో మునిగింది. ఇంజను ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్ళు లోపలికి వెళ్ళాయన్నమాట, ఇక మాట్లాడకుండా ఇంటికి రండి. చక్రాల దగ్గర ఇరుసులకి తొడిగే రబ్బరు తొడుగులు చిరిగాయేమో వంగి చూడండి. మైళ్ళతో పాటు ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చూపించే మీటరు చాలా బళ్ళకుంటుంది. గంటలెక్కువ, మైళ్ళు తక్కువ అయితే అది షికార్లకి కాదు, పొలం పనికో మంచు తొయ్యడానికో వాడిన బండి. దానికదే తప్పు కాదు, బేరానికి పనికొస్తుంది.

ఈ గొడవంతా ఎందుకు, పక్కపక్కన కూర్చునే సైడ్-బై-సైడ్ కొనుక్కోవచ్చు కదా అంటారు. కొనుక్కోవచ్చు. స్టీరింగు చక్రం, సీటు బెల్టులు, తిరగబడితే కాపాడే ఇనుప చట్రం అన్నీ ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ, కాలు ఎత్తి అటు వెయ్యలేనివాళ్ళకీ నేను అదే చెప్తాను. కానీ వాటిలో చాలావాటి వెడల్పు 50 అంగుళాలు దాటుతుంది, ధరా దాటుతుంది. 50 అంగుళాలకి మించిన బళ్ళని రానివ్వని సన్నని బాటలు ఇక్కడ బోలెడు. మా బండి 48 అంగుళాలు. చెట్ల మధ్య నుంచి దూరిపోతుంది.

నడపడంలో మనవాళ్ళకొక తిరకాసుంది. బైకు అలవాటున్నవాళ్ళకి కుడిచెయ్యి తిప్పితే బండి కదలాలి. ఇక్కడ తిప్పితే ఏమీ జరగదు, బొటనవేలితో చిన్న మీట నొక్కాలి. ఎగుడుదిగుడు దారిలో ఒళ్ళు వెనక్కి విసిరినప్పుడు చెయ్యి దానంతటది తిరిగి బండి దూకకుండా ఆ ఏర్పాటు. అంతకన్నా పెద్ద తిరకాసు ఎడమచేతి మీట. మన చేతికి అది క్లచ్చు. మా బండిలాంటి వాటిలో క్లచ్చు మీటే లేదు, బెల్టు మీద నడిచే ఆటోమేటిక్. ఆ మీట నొక్కితే పడేది నాలుగు చక్రాలకీ బ్రేకు. ఇండియా నుంచి వచ్చిన మేనల్లుడు గేరు మారుద్దామని అలవాటు కొద్దీ గట్టిగా నొక్కాడు. బండి టక్కున ఆగింది, వెనకున్న వాడి స్నేహితుడి హెల్మెట్టు వీడి హెల్మెట్టుకి ఠంగుమని కొట్టుకుంది. అందుకే ముందు ఖాళీ మైదానంలో ఒక్కరే తిప్పండి, తరవాత ఇద్దరూ ఎక్కి అక్కడే తిప్పండి, అడవి ఆ తరవాత.

టైర్లలో గాలి కూడా కారులా కొట్టకూడదు. చాలావాటికి 5, 7 పీఎస్ఐ ప్రాంతమే. కారు టైర్లు చూసే గేజిలో అంత తక్కువ సరిగ్గా తెలియదు, దీనికి వేరే గేజి కొనాలి. గాలి ఎక్కువైతే బండి బంతిలా ఎగురుతుంది, ఆ ఎగురుడంతా వెనకవాళ్ళకే. ఇద్దరితో ఎత్తు ఎక్కేముందే లో గేరు వెయ్యండి, లేకపోతే బెల్టు కాలిన కంపు కొడుతుంది. మధ్యలో బండి ఆగిపోతే వెనక్కి దొర్లనివ్వకుండా బ్రేకు పట్టి, పార్కులో పెట్టి, ముందు వెనకవాళ్ళని ఎగువ వైపుకి దింపండి. వెనకవాళ్ళూ బియ్యం బస్తాలా కూర్చోకూడదు, ముందువాడు ఎటు ఒరిగితే అటు ఒరగాలి. మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది: భుజం మీద ఒకసారి తడితే నెమ్మది, రెండుసార్లు తడితే ఆపు. మూడుసార్లు తట్టడం ఒప్పందంలో లేదు, అది తిట్టు.

ఇంతా చేసి ఎక్కడికి వెళ్తామంటే, మా ఉత్తరాన గిల్బర్ట్ అనే ఊరి దగ్గర పాత ఇనుప గనుల నేలని ఈ బళ్ళకోసం రాష్ట్రం వాళ్ళు పార్కు చేశారు. వెయ్యి ఎకరాల పైనే. ఓబుళాపురం, బళ్ళారి వైపు తిరిగినవాళ్ళకి ఆ ఎర్రదుమ్ము కొత్త కాదు, చొక్కాకి పడితే ఉతుకులకి పోదు. గనుల గుంతల్లో నీళ్ళు నిండి నీలంగా చెరువులయ్యాయి, గుట్టల మీద బర్చి చెట్లు లేచాయి. గుట్టెక్కాక ఇంజను ఆపితే మా ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోస్తుంది. నేను దారిలో చూసింది రాళ్ళూ బురదా. ఆవిడ చూసింది రెండు జింకలూ ఒక గద్దా. "మీరు చూళ్ళేదా?" అంటుంది. ఎలా చూస్తాను? ఆవిడది సవారీ, నాది డ్రైవరు ఉద్యోగం. అన్నట్టు, 1987 జులై 1 తరవాత పుట్టినవాళ్ళు ఇక్కడి ప్రభుత్వ భూముల్లో ఈ బండి నడపాలంటే భద్రతా శిక్షణ సర్టిఫికెట్టు ఉండాలి. మా అబ్బాయిని చేర్పించాను. మేం అంతకుముందే పుట్టాం కాబట్టి చట్టం మమ్మల్ని వదిలేసింది, వాడి పాఠాలు మాత్రం నేనూ చదివాను.

ఈ మధ్య జంగారెడ్డిగూడెం నుంచి మా బావమరిది ఫోను చేశాడు. "బావా, మామిడితోటలో తిరగడానికి అక్కడ కూడా ఒకటి తీసుకుంటే?" అన్నాడు. 2019 చివర్లో పొలారిస్ వాళ్ళు ఇండియాలో స్పోర్ట్స్‌మన్ 570ని ట్రాక్టరుగా రిజిస్టరు చేయించేలా తెచ్చారు, అప్పటి ధర 7.99 లక్షలు. మామూలు ఏటీవీ అయితే తోట గేటు దాటి రోడ్డెక్కకూడదు, దీనికి ట్రాక్టరు నంబరు పడుతుందని చెప్పాను. విన్నాక వాడు అడిగింది ధర గురించి కాదు. "మీ చెల్లెలు వెనకాల కూర్చోవచ్చా?" అని.

"ఏది కొన్నా ముందు మడ్‌గార్డు మీద చీటీ చదువు, ఎంతమందో దాని మీదే ఉంటుంది" అన్నాను.

"చీటీ ఇంగ్లీషులో ఉంటే?"

"బొమ్మ కూడా ఉంటుందిరా."