పొద్దున్నే ఆరింటికి... అడ్డా మీద!

బండి ఇంకా పూర్తిగా ఆగనే లేదు. పదిహేను మంది చుట్టుముట్టారు.

''ఏం పని మేడమ్?''

''ఎంతమంది గావాలె?''

''మట్టిపనా, మాల్ పనా?''

ఒకాయన అప్పటికే స్కూటీ వెనక సీటు మీద చెయ్యేశాడు. ఇంకొకాయన తన టిఫిన్ డబ్బా సంచిని తీసి బండి ముందున్న కొక్కేనికి తగిలించేశాడు. సంచి ఎక్కితే మనిషి ఎక్కినట్టే లెక్క అని తర్వాత తెలిసింది. నాకు మాత్రం ఆ క్షణంలో బండి తిప్పుకుని ఇంటికి వెళ్లిపోదామనిపించింది.

హైదరాబాద్‌లో మూసాపేట దాటాక, ముంబై హైవేకి బాలానగర్ రోడ్డు వచ్చి కలిసే చోటుని వై జంక్షన్ అంటారు. 2017 నవంబరు నుంచీ నెత్తిమీద మెట్రో రైలు తిరుగుతోంది. ఆఫీసులకు వెళ్లేవాళ్లకి అదొక ట్రాఫిక్ జామ్, అంతే. నేనూ పన్నెండేళ్లుగా రోజూ దాని మీదుగానే వెళ్తున్నాను. రోడ్డు పక్కన గుంపులుగా నిలబడ్డవాళ్లని బస్సు కోసం చూస్తున్నారనుకున్న రోజులూ ఉన్నాయి. వాళ్లు చూసేది మనకోసం. గోడ కూలినా, బాత్‌రూమ్ పగలగొట్టాలన్నా, పెరట్లో గుంత తవ్వాలన్నా మనకి గుర్తొచ్చేది ఇలాంటి అడ్డానే. యూసుఫ్‌గూడ, బోరబండ, ఉప్పల్... నగరంలో ఏ మూలకెళ్లినా ఒకటి తగులుతుంది.

మా ఇంట్లో పని పెద్దదేం కాదు. అమ్మకి రెండేళ్లుగా ఒకటే పోరు, పెరట్లో ఇంకుడుగుంత తవ్వించమని. పోయిన వేసవిలో బోరు ఎండిపోయి ట్యాంకర్లకి పోసిన డబ్బు ఆవిడ నోట్‌బుక్కులో తేదీలతో సహా ఉంది. దానికితోడు బాత్‌రూమ్ రిపేరు చేసిన మేస్త్రీ పగిలిన ఇటుకలూ టైల్సూ డాబా మీదే వదిలేసి మాయమయ్యాడు. మృగశిర కార్తె రాకముందే రెండూ అయిపోవాలని అమ్మ ఆర్డరు. అందుకే మే నెలాఖరులో ఒక బుధవారం ఆరున్నరకి అక్కడ తేలాను.

కొంచెం నిదానించి చూస్తే అడ్డాకి ఒక లెక్క ఉందని అర్థమవుతుంది. చేతిలో సంచి, అందులోంచి తాపీ పిడి కనిపిస్తే మేస్త్రీ. వాళ్లు టీ కొట్టు దగ్గర దర్జాగా ఉంటారు, బండి చూడగానే పరుగెత్తుకు రారు. రంగుల మరకల ప్యాంటుతో ఉంటే పెయింటరు. పారా గడ్డపారా పట్టుకున్నవాళ్లు మట్టిపనివాళ్లు. ఆడవాళ్లు వీళ్లందరికీ వెనక, గోడవారగా కూర్చుంటారు. చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, నెత్తిన తువ్వాలు చుట్ట. ఒడిశా, బిహార్ కుర్రాళ్లు విడిగా ఒక జట్టు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ''ఎన్ని రోజుల పనమ్మా? భోజనం మీదేనేటి?'' అని అడిగి, ఒక్కరోజే అనగానే పక్కకి తప్పుకున్నాడు. ఆయనకి వారం పని కావాలి. మధ్యలో పని లేకుంటే అద్దె గది ఖర్చు తడిసి మోపెడవుతుందట.

ఇక్కడ రేటుకి గడియారం ఉంది. ఆరింటికి చెప్పిన కూలి ఎనిమిదింటికి ఉండదు. తొమ్మిది దాటితే సగం దినం లెక్కలు మొదలవుతాయి. పది కొట్టేసరికి మిగిలినవాళ్లు డబ్బా విప్పి అక్కడే తినేసి ఇంటిముఖం పడతారు. తొమ్మిదింటికి వస్తే చవగ్గా దొరుకుతారని మా కాలనీలో ఒకాయన నాకు సలహా కూడా ఇచ్చాడు, సాయంత్రం మార్కెట్‌కి వెళ్తే వంకాయలు చవక అన్నట్టు.

నా బేరం ఒక జంటతో కుదిరింది. భార్యాభర్తలు. నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. ఆయనకి నలభై దాటి ఉంటాయి, ఆవిడ కొంచెం చిన్న. ఆయనకి తొమ్మిది వందలు, ఆవిడకి ఆరు వందల యాభై. ఆయన వెయ్యి అడిగితే నేనే వంద తగ్గించాను. తగ్గించాక నా తెలివికి నేనే మురిసిపోయానని ఒప్పుకోవాలి. ఆవిడ రేటు నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆయనే చెప్పాడు. అడ్డాలో ఆడకూలి ఇంత అని ముందే రాసి పెట్టినట్టు ముగ్గురం తలూపేశాం.

ఆటోలో ఇంటికొస్తూ వాళ్లూ, వెనక స్కూటీ మీద నేనూ. పారా, గడ్డపారా, రెండు తట్టలూ వాళ్లవే.

పాలమూరు అంటే వలస అనే మాట ఇవాళ్టిది కాదు. దేశంలో పెద్ద పెద్ద ఆనకట్టలు కడుతున్న రోజుల్లో మట్టి తవ్వి మోయడానికి 'పాలమూరు లేబర్' కావాలని కాంట్రాక్టర్లు కోరి తెప్పించుకునేవాళ్లు. ఊళ్లోకి మేస్త్రీ వచ్చి ముందే అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ అప్పు తీరేదాకా మనిషి అతని లెక్కలోనే ఉండేవాడు. అంతకంటే వెనక్కి వెళితే బొంబాయి. అక్కడి కామాఠిపురాకి ఆ పేరొచ్చింది నిజాం ఇలాకా నుంచి వెళ్లి ఇళ్లూ రోడ్లూ కట్టిన తెలుగు కూలీల వల్లే. కామాఠీలంటే వాళ్లే. ముంబైలో ఇలాంటి కూడలిని నాకా అంటారు, ఇక్కడ అడ్డా. పొద్దున్నే నిలబడటం మాత్రం రెండుచోట్లా ఒకటే.

''మా నాయిన డ్యాముల పనికి పోయిండు. ఎక్కడికి పోయిండో ఆయనకే తెల్వదు. రైలెక్కిచ్చిన్రు, దింపిన్రు, తవ్విచ్చిన్రు'' అన్నాడాయన గడ్డపార దించుతూ. ''మేం నయం మేడమ్. పొద్దుగాల పోతే పొద్దుగూకంగ పైసలు చేతిల వడ్తయి.''

ఎప్పుడూ పడతాయా? ఒకసారి అపార్ట్‌మెంటు పనికని ఒక కాంట్రాక్టరు తీసుకెళ్లి, పదిరోజులు చేయించుకుని, పదకొండో రోజు ఫోను ఆపేశాడట. అతని పేరు తెలుసు, ఊరు తెలియదు. కాగితం లేదు. ఎవరి మీద, ఎక్కడ ఫిర్యాదు చేస్తారు?

అడ్డా మీద పనివాళ్లకి పెద్ద కష్టాలు కూడా పేపర్లో వార్త కంటే ముందే తెలుస్తాయి. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు పని ఉన్నా ఇచ్చేందుకు చిల్లర లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరక్క విజయవాడ, గుంటూరుల్లో తాపీలు సంచుల్లోంచి బయటికి రాలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక ఈ జంక్షన్లో మనిషన్నవాడే లేడు. ''నడుసుకుంటనే పోయినం ఊరికి'' అన్నదావిడ. ఎన్ని రోజులు పట్టిందంటే చెప్పలేదు. తట్ట ఎత్తుకుని మెట్లెక్కేసింది.

పని గురించి చెప్పాలి. గుంత నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. అడుగున పెద్ద కంకర, పైన చిన్న కంకర, ఆపైన దొడ్డు ఇసుక పోస్తే డాబా మీది వాన నీళ్లు పైపులోంచి వచ్చి అందులోకి ఇంకుతాయి. చెప్పడానికి రెండు వాక్యాలు. రెండడుగులు దిగాక మా పెరట్లో మొరం తగిలింది. అక్కణ్నుంచి గడ్డపార దెబ్బకి గుప్పెడు చొప్పున రాలింది. ఆయన తవ్వుతుంటే, డాబా మీది ఇటుకలు దించడం, తవ్విన మట్టి గేటు దాకా మోయడం ఆవిడ పని. పదకొండింటికల్లా ఎండ నెత్తినెక్కింది.

అమ్మ మజ్జిగ కలిపింది. గ్లాసుల దగ్గర నాకూ అమ్మకూ చిన్న రుసరుస. వంటింట్లో పనివాళ్ల కోసమని విడిగా రెండు స్టీలు గ్లాసులు ఎప్పట్నుంచో ఉన్నాయి. నేను మామూలు గ్లాసులు తీశాను. అమ్మ ఏమీ అనలేదు, కానీ ముఖం చూస్తే తెలిసింది. చివరికి ఆవిడ తన సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి ''ఇండ్ల వోయమ్మా'' అంది. మా ఇద్దరి గొడవా అలా తేలిపోయింది. తేలిపోవడం నాకు నచ్చలేదు.

మధ్యాహ్నం పక్కింటాయన గోడ మీదుగా తల పెట్టాడు. పనిలో పని, తమ సెప్టిక్ ట్యాంకు మూత తీసి లోపల అడ్డం పడ్డదేదో తీసిపెట్టమని, రెండు వేలిస్తానని. రెండు రోజుల కూలి కంటే ఎక్కువ! నేను ఆయన ముఖంలోకి చూశాను. గుంతలోంచే తల అడ్డంగా ఊపాడు.

''వద్దు సార్. మా ఊరోడు ఒకడు దిగిండు. ఆన్ని తీయనీకి ఇంకోడు దిగిండు. ఇద్దరు రాలే.''

మూసిన ట్యాంకులో పేరుకునే విషవాయువు మనిషికి కేక వేసే వ్యవధి కూడా ఇవ్వదు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అందులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇలా చనిపోయినవాళ్ల కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. ఇదంతా పక్కింటాయనకి చెబితే ''అందరూ చేయించుకుంటున్నదేగా'' అని గొణిగి లోపలికెళ్లాడు. వారం తర్వాత మిషను లారీ పిలిపించుకున్నాడు, అది వేరే సంగతి.

భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు ఆయనే నన్నొక సాయం అడిగాడు. డబ్బు కాదు. సంతకం. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి, ఆ నిధిలోంచి ప్రమాదాలకూ ప్రసవాలకూ సాయం చెయ్యాలన్నది ఏర్పాటు. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపువాళ్లు, ఏడాదిలో తొంభై రోజులు పనిచేసినట్టు చూపిస్తే సభ్యులవుతారు. పెద్ద కంపెనీ సైటులో ఉన్నవాడికి సరే. రోజుకో ఇంట్లో, రోజుకో యజమాని దగ్గర పనిచేసేవాడికి తొంభై రోజులు ఎవరు రాసిస్తారు?

''ఒక్క దినమైనా మీరు రాసియ్యిండ్రి మేడమ్. ఒక్కొక్కటే జమ చేస్త'' అన్నాడు. తెల్లకాగితం మీద తేదీ వేసి, ఫలానా పని చేశారని రాసి సంతకం పెట్టాను. అది ఏ ఆఫీసులోనైనా చెల్లుతుందో లేదో! ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆధార్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్లో దాచాడు. అందులో ఇంకో మూడు కాగితాలు కనిపించాయి.

సాయంత్రం అయిదున్నరకి గుంత సిద్ధమైంది. డాబా అద్దంలా ఉంది. నేను పర్సు తీశాను. ఆయనకి తొమ్మిది వందలు. ఆవిడకి ఆరువందల యాభైకి ఇంకో యాభై కలిపి ఏడొందలు ఇస్తుంటే, వరండాలో కుర్చీలోంచి అమ్మ అంది: ''నూట నాలుగు.''

ఏంటని అడిగాను.

''ఆ అమ్మాయి దించిన తట్టలు. లెక్కబెట్టా. అతను మధ్యలో రెండుసార్లు బీడీ కాల్చుకున్నాడు. ఈ పిల్ల కూర్చోలేదు. ఆమెకెందుకు తక్కువ?''

ముప్ఫై ఏళ్లు లెక్కల టీచరుగా చేసిన మనిషి. గ్లాసుల దగ్గర ముఖం మాడ్చుకున్నదీ ఆవిడే! సమాన పనికి సమాన వేతనం అని చట్టం వచ్చింది 1976లో. నేను పుట్టకముందు. జీతాల తేడా గురించి ఇదే పేపర్లో నేనూ రెండుసార్లు రాశాను. పొద్దున అడ్డా మీద మాత్రం అది నా బుర్రలోకి రాలేదు.

ఇంకో రెండొందలు తీసి ఆవిడ చేతిలో పెట్టబోయాను. ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన నేలవైపు చూశాడు.

''గిప్పుడు ఇస్తె తీసుకుంటమమ్మా, పోరి హాస్టల్ ఫీజుకైతది'' అంది ఆవిడ, నోట్లు కొంగున ముడేసుకుంటూ. ''కానీ రేపు అడ్డాల నేను తొమ్మిదొందలు అడిగితె ఎవ్వరు వట్కపోతరు? ఆడిదానికి గంతెందుకని మొగోన్నే వట్కపోతరు. మీరు తక్కువకని గాదా నన్ను తీస్కొచ్చిన్రు?''

కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టే అంది. నా దగ్గర జవాబు లేదు. అమ్మ దగ్గరా లేదు. లోపలికెళ్లి రెండు మామిడిపళ్లు తెచ్చి ఆవిడ సంచిలో వేసింది.

వెళ్లేటప్పుడు నా ఫోనులో తన నంబరు ఆవిడే చెప్పింది. కంకర పోసేటప్పుడు పిలవమని, ఆరింటికి అడ్డాకి రావక్కర్లేదని, ఫోను చేస్తే ఇంటికే వస్తామని. ''ఆయన పేరు మీద గాదు, నా పేరు మీద రాస్కో మేడమ్'' అంది.

మర్నాడు ఆఫీసుకి వెళ్తూ వై జంక్షన్ దగ్గర సిగ్నల్‌కి ఆగాను. టైము తొమ్మిదింపావు. గోడవారగా ఆవిడ కూర్చునే ఉంది, తట్ట బోర్లించి దాని మీద. ఆయన లేడు, పని దొరికి వెళ్లినట్టున్నాడు. నన్ను చూసి చెయ్యెత్తింది. అంతలో ఒక కారు ఆగింది. ఆవిడ లేచి, తట్ట చంకన పెట్టుకుని, అందరితో పాటు దానివైపు పరుగెత్తింది. సిగ్నల్ పడింది.