ప్లేట్‌లెట్లు తగ్గితే అంతా డెంగీ కాదు

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

కొండాపురం దగ్గర మా తండాలో ఇంటర్ చదివే చెల్లెలికి కాళ్లమీద సన్నటి ఎర్రచుక్కలు లేచినాయి. జ్వరం లేదు. పళ్లు తోముకుంటే చిగుళ్లలో రక్తం. ప్లేట్‌లెట్లు 12 వేలే ఉన్నాయి. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు ఉండాల. ఊర్లో అందరూ డెంగీ అన్నారు, బొప్పాయి ఆకు రసం తాపమన్నారు. మేము ఆమెను కడపకు తీసుకుపోయినాము.

అక్కడ డాక్టరు ఐటీపీ అన్నారు. మన ఒంటి రక్షణ వ్యవస్థే సొంత ప్లేట్‌లెట్లకు యాంటీబాడీలను అంటిస్తుంది. అట్లా అంటుకున్నవాటిని ఎక్కువగా ప్లీహం నాశనం చేస్తుంది.

వాళ్ల నాయన కూలి మనిషి. "ఆ యాంటీబాడీలను కొలిచే పరీక్ష ఉందంట గదా, అప్పు చేసైనా చేయిస్తా" అన్నాడు. డాక్టరు వద్దన్నారు. ఎందుకో మేము చదివి తెలుసుకున్నాము.

1950లో అమెరికాలో హారింగ్టన్ అనే డాక్టరు ఈ జబ్బున్న మనిషి రక్తాన్ని తనకే ఎక్కించుకున్నాడు. గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు పడిపోయినాయి. జబ్బు చేసేది రక్తంలోనే ఉందని అట్లా తేలింది. తర్వాత ప్లేట్‌లెట్లకు అంటుకున్న ఐజీజీని కొలిచే పరీక్షలు వచ్చినాయి. చిక్కేమంటే, ప్లేట్‌లెట్ లోపల కూడా ఐజీజీ నిల్వ ఉంటుంది. అందుకే వేరే కారణాలతో ప్లేట్‌లెట్లు తగ్గినా ఆ లెక్క పెరిగి కనిపిస్తుంది. 1987లో వచ్చిన మైపా పరీక్ష ప్లేట్‌లెట్ పైనుండే ఫలానా ప్రొటీన్లకు అంటుకున్న యాంటీబాడీనే పట్టుకుంటుంది. అది పాజిటివ్ వస్తే అనుమానం బలపడుతుంది. నెగెటివ్ వస్తే మాత్రం జబ్బు లేదని చెప్పలేము, చాలామంది రోగుల్లో అది నెగెటివే వస్తుంది.

అందుకే డాక్టర్లు ముందు రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ సీ, వాడే మందులు కారణమా అని వెతుకుతారు. ఏదీ కాకపోతేనే ఐటీపీ అంటారు. మా చెల్లెలికి స్టెరాయిడ్ మాత్రలతోనే ప్లేట్‌లెట్లు పెరిగినాయి. ఆ నాయనకు అప్పు తప్పింది.

మన తండాల్లో, ఎరుకల, యానాది కాలనీల్లో ఎవరికన్నా ఇట్లాంటి చుక్కలు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. నొప్పికని ఆస్పిరిన్, డైక్లోఫినాక్ మింగనీయొద్దు, ఆర్‌ఎంపీతో కండకు సూది వేయించొద్దు. తీవ్రమైన తలనొప్పి, నల్లటి విరేచనం, ఆగని రక్తం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఖరీదైన పరీక్ష ఏదన్నా రాస్తే, "దీని ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుందా సార్?" అని అడగండి. అడగడం తప్పు కాదు.